వెనక సీటు చెప్పిన మాట

మా కారు వెనకాల నుంచి ఏదో శబ్దం వస్తోందని నేను మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయన పాటల సౌండు తగ్గించి, రెండు క్షణాలు చెవి ఒగ్గి, "రోడ్డు సౌండు లేవోయ్" అని మళ్ళీ పెంచేశారు.

ఆయన్ని అనడానికి లేదు. ముందు సీట్లో ఇంజను మోత, ఏసీ గాలి, పైన పాటలు. వెనక చక్రాల దగ్గర జరిగేది ఆయన చెవి దాకా రాదు. కారు కొని తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళూ ఆయన చోటు స్టీరింగు దగ్గర, పక్కన మా అబ్బాయి, వెనక నేనూ మా అత్తయ్యగారూ. డ్రైవరు సీటు వెనక అత్తయ్యగారు, ఎడమ వైపు నేను, మధ్యలో టిఫిన్ల సంచి. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. మన ఇళ్ళల్లో చాలా సంగతుల్లాగే అలా స్థిరపడిపోయింది.

రెండోసారి చెప్పాను. "టైర్లు అరిగాయేమో" అన్నారు. మూడోసారి చెబితే "నీకన్నీ అనుమానాలే" అన్నారు. ఈ మాట మీలో చాలామందికి పరిచయమే అనుకుంటాను. గ్యాసు వాసన వస్తోందన్నా, పిల్లాడి ఒళ్ళు వెచ్చగా ఉందన్నా మొదట వచ్చే జవాబు అదే కదా.

ఇంకోప్పుడైతే ఊరుకునేదాన్నేమో. కానీ కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళాలి. కిందటేడు వరదల్లో అందరం క్షేమంగా బయటపడితే కొండ మీద సత్యనారాయణస్వామి వ్రతం చేయిస్తానని అత్తయ్యగారు మొక్కుకున్నారు. విజయవాడ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే. తెల్లవారుజామున, హైవే మీద, లారీల మధ్య, 78 ఏళ్ళ పెద్దావిణ్ణి కూర్చోబెట్టుకుని వెళ్ళాలి. ఆ శబ్దం ఏమిటో తేలకుండా బయలుదేరడానికి నాకు మనసొప్పలేదు.

ముందు అత్తయ్యగారినే అడిగాను. ఆవిడకి వినికిడి బాగా తగ్గింది. చెవి దగ్గరగా వెళ్ళి, "కారులో మీకేమైనా చప్పుడు తెలుస్తోందా?" అంటే, "నాకు వినపడి చచ్చేదేముందమ్మాయ్. కాళ్ళ కింద మాత్రం ఎవరో తిరగలి తిప్పుతున్నట్టుంటుంది" అన్నారు.

ఆ మర్నాడు కూరగాయలకి వెళ్ళేటప్పుడు ఆవిడ చోట్లో కూర్చుని, చెప్పులు విప్పి, అరికాళ్ళు నేలకి ఆనించి చూశాను. నిజమే. ఎడమ వైపు తెలియని అదురు కుడి వైపు స్పష్టంగా తెలిసింది.

నేను చదివింది బీఏ తెలుగు. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందని మా ఇంట్లో అప్పుడప్పుడూ ఆటపట్టిస్తుంటారు. ఇదిగో, ఇక్కడ పనికొచ్చింది. శబ్దాలకి మన భాషలో ఉన్నన్ని మాటలు చూడండి: గలగల, గణగణ, దడదడ, గరగర, కిర్రు, కీచు, గుంయ్. ధ్వన్యనుకరణ పదాలని క్లాసులో చెప్పేవారు. "ఏదో సౌండు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అది గలగలో గరగరో తేల్చుకుంటే సగం దారి వచ్చేసినట్టే. అలా పేర్లు పెడుతూ వింటే, నేను ఒక్కటనుకున్న శబ్దం నిజానికి మూడని తేలింది. గతుకుల్లో గలగల. స్పీడ్ బ్రేకరు దిగగానే డబ్బుమని ఒక దెబ్బ. స్పీడు అందుకున్నాక ఆగకుండా గుంయ్‌మని మోత.

సులువైన దాంతో మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్న డిక్కీ మొత్తం ఖాళీ చేశాను. రెండు గొడుగులు, ఎప్పటిదో గుళ్ళో కొట్టించని కొబ్బరికాయ, స్టీలు క్యారేజీ, మూడు నీళ్ళ సీసాలు, అత్తయ్యగారి మడత కుర్చీ బయటపడ్డాయి. కింద అట్ట ఎత్తితే స్టెప్నీ, దాని పక్కన జాకీ, పానా. జాకీ పట్టీ ఎప్పుడో ఊడిపోయి గుంటలో దొర్లుతోంది. స్టెప్నీని బిగించే మర కూడా వదులుగా ఉంది. జాకీని, పానాని పాత తువ్వాల్లో చుట్టి గట్టిగా ఇరికించాను. మర మా వాడు బిగించాడు. గలగల అక్కడితో పోయింది. ఖర్చు ఒక పాత తువ్వాలు.

మిగిలిన రెండింటికీ పాల లెక్క పుస్తకంలో వెనక పేజీ తెరిచాను. ఎప్పుడు వస్తోంది, ఎంత స్పీడులో, బ్రేకు వేస్తే మారుతోందా, మలుపులో మారుతోందా అని రాసుకోవడం మొదలుపెట్టాను. మెకానిక్ దగ్గరికి వెళ్ళగానే శబ్దం దాక్కుంటుంది కదా, డాక్టరు దగ్గర పిల్లల దగ్గులా. అప్పుడీ కాగితమే మాట్లాడాలి.

పది రోజుల్లో తేలింది ఇదీ. మోత 40 దాటాక మొదలవుతుంది, 60, 70 కి బాగా పెరుగుతుంది. ఇంటి ముందు బండి నిలబెట్టి ఎక్సిలేటరు తొక్కితే రాదు. అంటే ఇంజనుకి సంబంధం లేదు, చక్రం తిరిగితేనే వస్తుంది. బ్రేకు వేసినా దాని తీరు మారదు. బ్రేకులదైతే తొక్కినప్పుడు కీచుమనో గరగరమనో తేడా తెలియాలి. తారు రోడ్డు మీదా సిమెంటు రోడ్డు మీదా ఒకేలా ఉంది. టైర్ల మోతైతే రోడ్డు మారగానే చాలావరకు మారుతుంది. ఇక నాకు బాగా పట్టించిన గుర్తు, హైవే మీద బండి ఎడమకి ఒంపు తిరిగినప్పుడు మోత హెచ్చుతోంది, కుడికి తిరిగితే తగ్గుతోంది. బస్సు ఎడమకి తిరిగితే మనం కుడివైపు వాలతాం చూడండి, అలాగే అప్పుడు కారు బరువూ కుడి చక్రాల మీద పడుతుంది. బరువు పడితే మూలుగుతోందంటే నొప్పి అక్కడే ఉన్నట్టు. అత్తయ్యగారు కూర్చునేదీ ఆ వైపే.

ఈ కాగితం పట్టుకుని ఇంటి దగ్గరి షెడ్డుకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు బండి నడిపి చూడలేదు, కాగితం చూడలేదు. మా ఆయన వైపే తిరిగి, "వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ పోయాయి సార్, తొమ్మిది వేలవుతుంది" అన్నాడు. మా ఆయన సరేననబోతుంటే నేను అడ్డం పడ్డాను. "అవి పోతే గతుకుల్లో కదా బాబూ తెలియాలి, నున్నటి రోడ్డు మీద మోత ఎందుకొస్తుంది?" అన్నాను. ఆ కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. నేనే వెళ్ళి డిక్కీ మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కి వదిలాను. బండి ఒక్కసారి పైకి లేచి నిలబడిపోయింది. షాక్ అబ్జార్బర్లు బాగా పోయిన బండి అయితే ఉయ్యాల్లా రెండు మూడుసార్లు ఊగుతుంది. "ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తాం" అని వచ్చేశాం.

దారిలో ఆయన ముఖం ముడుచుకునే ఉంది. నేనేమీ అనలేదు. ఇల్లు చేరాక మా వాడే అన్నాడు, "నాన్నా, నాకు లైసెన్సు ఉందిగా, నేను నడుపుతాను. మీరొకసారి వెనక కూర్చోండి" అని.

సాయంత్రం రామవరప్పాడు రింగు నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళొచ్చాం. పాటలు లేవు, ఏసీ లేదు, అద్దాలు మూసి ఉన్నాయి. ఆయన వాళ్ళమ్మ చోట్లో కూర్చున్నారు. తొమ్మిదేళ్ళలో ఆయన మా కారు వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఎక్కగానే, "ఇక్కడ మోకాళ్ళు ఇంత ఇరుకా?" అన్నారు. కాసేపటికి, "గాలి కూడా రాదేంటి?" అన్నారు. స్పీడు 60 దాటింది. ఎడమకి ఒంపు వచ్చింది. ఆయన మాట ఆగిపోయింది. తల వంచి సీటుకి చెవి ఆనించారు. తర్వాత నా వైపు చూసి, "ఎప్పట్నుంచి?" అన్నారు.

"వేసవి నుంచి చెబుతున్నాను" అన్నాను.

మర్నాడు ఆటోనగర్ తీసుకెళ్ళారు. అక్కడి మెకానిక్ అరవై దాటిన పెద్దాయన. కాగితం మొత్తం చదివి, "ఎవరమ్మా రాసింది?" అని అడిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు నడిపి చూశారు. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, వెనక భాగం పైకి లేపారు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే కాబట్టి అది దించకపోతే అవి తిరగవట. ఎడమ చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పి, రెండో చెయ్యి పైనున్న స్ప్రింగు మీద పెట్టారు. ఏమీ లేదు. కుడి చక్రం తిప్పి, నన్ను పిలిచి, "ఇక్కడ చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నారు. స్ప్రింగులో సన్నగా గరగరమంది. అచ్చం అత్తయ్యగారు చెప్పిన తిరగలి. ఆ మాట చెబితే పెద్దాయన, "మామ్మగారు మెకానిక్కుల్ని మించారు" అని నవ్వారు.

పోయింది బేరింగు. రెండు ఉక్కు రింగుల మధ్య గుండ్లు, వాటికి గ్రీజు, లోపలికి నీళ్ళూ దుమ్మూ పోకుండా ఒక మూత. గ్రీజు పోయి గుండ్లకి తుప్పు పడితే, నున్నగా దొర్లాల్సినవి గరుకుగా రుద్దుకుంటాయి. మనింట్లో వాషింగ్ మెషిన్ పాతబడ్డాక బట్టలు పిండేటప్పుడు విమానం లేచినట్టు మోత పెడుతుంది చూడండి, అక్కడా చాలాసార్లు పోయేది డ్రమ్ము బేరింగే.

"ఈ బండి ఎప్పుడన్నా నీళ్ళలో నిలబడిందా?" అని అడిగారు పెద్దాయన.

మా ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. సింగ్ నగర్, వాంబే కాలనీ వాళ్ళు పడిన బాధ ముందు మాది చెప్పుకునేది కాదు. కానీ మా వీధిలోకీ నీళ్ళొచ్చాయి. మోకాలి లోతు నీళ్ళలో వెళ్ళి ఆయన కారుని మెరక వీధికి తోసుకెళ్ళి పెట్టొచ్చారు. అక్కడా కుడి వైపు పల్లం. కుడి చక్రాలు సగం దాకా మూడు రోజులు బురద నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీశాక ఇంజను చూపించాం, ఆయిలు మార్పించాం, సీట్లు ఎండబెట్టాం. ఇంజన్లోకి నీళ్ళు పోలేదని సంతోషపడ్డాం. చక్రం సంగతి ఎవరికీ తోచలేదు.

"ఇలాగే ఎన్నాళ్ళు తిరగచ్చు?" అని అడిగారు మా ఆయన.

"కొన్నాళ్ళు మోసుద్ది సార్. తర్వాత వేడెక్కి పట్టేసుద్ది, లేకపోతే లూజై చక్రం ఊగుద్ది. అది హైవే మీద జరిగితే మన చేతుల్లో ఉండదు" అన్నారాయన. మా ఆయన మారు మాట్లాడలేదు.

బేరింగు, కూలీ కలిపి 2,200 అయింది. స్పీడ్ బ్రేకరు దగ్గర దెబ్బ సంగతీ అప్పుడే తేలింది. సైలెన్సరుని వేలాడదీసే రబ్బరు తెగి, అది ఎగిరి కింద తగులుతోంది. దానికి 150.

మీ బండి వెనక నుంచి చప్పుడొస్తే భయపడిపోకండి, అలాగని వదిలెయ్యకండి. ముందు చక్రాలు లాగే మాలాంటి చిన్న కార్లలో వెనకాల ఉండే సామాను తక్కువే: టైర్లు, బేరింగులు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, సైలెన్సరు, ఆపైన మనం డిక్కీలో పోగేసినవి. ముందు డిక్కీ ఖాళీ చేయండి. తర్వాత ఎప్పుడు వస్తోందో రాసుకోండి. గతుకుల్లోనా, బ్రేకు వేస్తేనా, మలుపులోనా, స్పీడుతోనా? బండి కిందకి మాత్రం మీరు దూరకండి, అది మెకానిక్ పని. బ్రేకు వేస్తే ఇనుము రాసుకున్నట్టున్నా, చక్రం దగ్గర కాలిన వాసన వచ్చినా, బండి ఊగినట్టనిపించినా అక్కడే పక్కకి ఆపెయ్యండి. మరి ముందుకి నడపద్దు.

ఇంకో మాట. వెనక కూర్చున్నవాళ్ళని అడగండి. వాళ్ళకి చెవులు సరిగా వినిపించకపోయినా సరే అడగండి.

కార్తీకంలో అన్నవరం వెళ్ళాం. కొండ మీద వ్రతం బాగా జరిగింది. అత్తయ్యగారు అక్షింతలు అందరి మీదా వేసి, కిందకి వచ్చాక కారు వెనక కుడి చక్రం మీద కూడా రెండు వేశారు. ప్రసాదం పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం తిరుగు ప్రయాణమయ్యాం. రాజమండ్రి దాటాక మా ఆయన ఉన్నట్టుండి పాటలు ఆపేశారు.

"వెనక ఏమన్నా వినిపిస్తోందా?" అన్నారు.

విన్నాను. అత్తయ్యగారి గురక తప్ప ఇంకేమీ లేదు. అదే చెప్పాను.