నేను చదివి వినిపించిన కాగితం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు చాలామంది పూర్వ విద్యార్థుల్లాగే నేనూ ట్రంకు పెట్టెలు, తెల్లవారుజామున కొట్టే గంట, ఆదివారం గుడ్డు కోసం కట్టిన వరుస గురించి రాద్దామనుకున్నాను. అవన్నీ మీకు తెలిసినవే. అందుకని ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. ఇది మా నాయన చేతి గురించి. నా చదువు గురించి కూడా.

మాది సైదాపురం వైపు ఒక పల్లె. మా తాత అభ్రకం గనుల్లో పనిచేశాడు. ఆ రోజుల్లో గూడూరు పేరు చెబితే అభ్రకమే గుర్తొచ్చేది. గని కార్మికుల సంక్షేమ నిధి కోసం 1946లో ఒక చట్టం వచ్చిందనీ, ఆ నిధితో కలిచేడులో ఆసుపత్రి నడిచిందనీ తాత చెప్పేవాడు. గనులు మూతపడ్డాక మా నాయన నిమ్మతోటల్లో కూలికి పోయాడు. నేను హాస్టల్లో చేరిన తర్వాత గూడూరు పక్కన ఒక రైస్‌మిల్లులో కుదిరాడు. నెలకు 1,800 రూపాయలు. ఆదివారం నన్ను చూడటానికి వచ్చినప్పుడు తవుడు వాసన వచ్చేది.

2001 ఆగస్టులో నేను పదో తరగతి. స్టడీ అవర్లో ఉండగా వాచ్‌మన్ అన్న వచ్చి, మీ అమ్మ గేటు దగ్గర ఉంది రమ్మన్నాడు. మిల్లులో బెల్టు జారితే, మోటారు ఆపకుండానే ఎక్కించమన్నారట. నాయన కుడిచెయ్యి బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కుంది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మొదలంటా పోయాయి. అప్పుడాయనకు 40 ఏళ్లు.

ఆసుపత్రిలో మా అమ్మ ఒక మంచి పని చేసింది. మిల్లు గుమాస్తా ఆమెను పక్కకు పిలిచి, "ఇంట్లో కట్టెలు కొడతా ఉంటే తెగిందని చెప్పు, లేకపోతే పోలీసు కేసవుద్ది" అన్నాడు. అమ్మకు చదువు లేదు. కానీ డ్యూటీ డాక్టరు ఎలా జరిగిందమ్మా అని అడిగితే "మిల్లులో బెల్టులో పడింది సారూ" అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అదే రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం విలువ మాకు తర్వాత తెలిసింది.

చదువుకున్న నేను చేసింది వేరు. మూడు వారాలకు గుమాస్తా మా ఇంటికి స్టాంపు కాగితం తెచ్చాడు. ఆ రోజు ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. "మీ అబ్బాయి పదో తరగతి గదా, వాడి చేతే చదివించుకో" అన్నాడు. ఇంటిల్లిపాదీ చూస్తుండగా తడబడకుండా గట్టిగా చదివాను. మానవతా దృక్పథంతో యజమాని 6,000 రూపాయలు ఇస్తున్నారనీ, ఇకమీదట ఎలాంటి పరిహారం అడగననీ, ఏ కోర్టుకూ వెళ్లననీ అందులో ఉంది. "ఏం రా?" అన్నట్టు నాయన నావైపు చూశాడు. "బాగానే ఉంది నాయనా, డబ్బులిస్తున్నారు గదా" అన్నాను. ఆయన ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు. సాక్షిగా నేను సంతకం చేశాను. నా జీవితంలో స్టాంపు కాగితం మీద పెట్టిన మొదటి సంతకం అది.

ఆ 6,000 మందులకూ, తిండికీ దీపావళి దాకా కూడా రాలేదు. మిల్లువాళ్లు మళ్లీ పనిలోకి పిలవలేదు. అమ్మ ఒక్కతే నిమ్మకాయలు కోయడానికి పోయేది. అప్పు 15,000 దాటింది. నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒక్కసారి మాత్రం, ఎడమచేత్తో అన్నం కలుపుకోలేక ముద్ద జారిపోతే, "నువ్వు చదివావు గాబట్టే ఏలేశా అబ్బయ్యా" అన్నాడు. కోపంతో అనలేదు. నాకు మాత్రం తిట్టినట్టే ఉంది. పదో తరగతిలో ఫస్ట్ క్లాసు వచ్చినా ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గేసింది.

2003 మార్చిలో హాస్టల్ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థిగా వచ్చాను. అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాస్తున్నాను. మాకు అయిదేళ్ల సీనియర్ అన్న ఒకరు నెల్లూరులో లా చదువుతూ ఆ రోజు వచ్చారు. భోజనాలయ్యాక కుళాయి దగ్గర పళ్లేలు కడుగుతూ, మీ నాయన బాగున్నాడా అని అడిగారు. చెప్పాను. కాగితం సంగతి చెప్పేటప్పుడు గొంతు రాలేదు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్నాళ్లయింది?" పంతొమ్మిది నెలలని చెప్పాను. "రెండేళ్లు నిండలేదు గదా, అయితే పోయిందేమీ లేదు" అన్నారు.

ఆ రాత్రి ఆయన వరండాలో కూర్చుని చెప్పిందంతా నా నోటు పుస్తకం వెనక రాసుకున్నాను. కార్మికుల నష్టపరిహార చట్టం 1923 నాటిది. 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పనిచేస్తూ, పని కారణంగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి. అది దయ కాదు, బాధ్యత. తప్పు ఎవరిదని నిరూపించాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. పరిహారం అడిగే హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు ఎంత పెద్ద స్టాంపు కాగితం మీద రాసిచ్చినా, ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. రాజీ కుదిరితే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. అలా పంపకపోతే యజమాని పూర్తి పరిహారం కట్టాల్సిందే. ముందుగా ఇచ్చిన డబ్బులో కూడా, కమిషనర్ వేరేగా చెబితే తప్ప, సగానికి మించి మినహాయించుకోకూడదు. ఇది 29వ సెక్షన్.

"మరి నేను సాక్షి సంతకం పెట్టాను గదన్నా?" అన్నాను.

"చెల్లని కాగితానికి సాక్షి సంతకం ఒక లెక్కా?" అని నవ్వారు. ఏడాదిన్నర తర్వాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

లాయరుకు డబ్బెక్కడిది అన్నాడు నాయన. దానికీ దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. అన్న మమ్మల్ని పాసింజరు రైల్లో నెల్లూరు తీసుకుపోయి కోర్టులో న్యాయసేవల కార్యాలయానికి దరఖాస్తు రాయించారు. జూన్‌లో కార్మిక శాఖలోని నష్టపరిహార కమిషనర్ ముందు పిటిషన్ వేశాం. గడువుకు రెండు నెలలే ఉంది.

వాయిదాలు రెండేళ్లు నడిచాయి. అసలు నాయన తమ దగ్గర పనే చేయలేదని మిల్లువాళ్లు వాదించారు. హాజరు పుస్తకంలో పేరు లేదు. కలిసి పనిచేసినవాళ్లలో ఒకాయన భయపడి రాలేదు, ఇంకొకాయన వచ్చి చెప్పాడు. ఆసుపత్రి రిజిస్టరు తెప్పిస్తే అందులో మా అమ్మ చెప్పిన మాట ప్రమాదం జరిగిన తేదీతో సహా ఉంది. వాళ్లే తెచ్చిన రాజీ కాగితం కూడా మాకే పనికొచ్చింది. పనివాడే కాకపోతే 6,000 ఎందుకిచ్చారని మా లాయరు అడిగారు.

ఒక వాయిదాలో అవతలి లాయరు నాయనను నిలదీశాడు. "మీ అబ్బాయి చదువుకున్నవాడే గదా, చదివి వినిపించాడు, నువ్వు ఒప్పుకున్నావు, అవునా?" నేను వెనక బెంచీ మీద తల దించుకున్నాను. నాయన నిదానంగా అన్నాడు: "నా కొడుకు తప్పు చదవలేదు సారూ. ఆ కాగితంలోనే తప్పు రాసుంది."

2005 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. లెక్క మీరూ చూడండి. నెల జీతం 1,800లో 60 శాతం 1,080. నలభై ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 184.17. ఈ రెండూ గుణిస్తే 1,98,903. ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు షెడ్యూలులో ఉంది. ఆ లెక్కన 59,671 రూపాయలు. ఇచ్చిన ఆరు వేలలో మూడు వేలే తీసేశారు. గడువులో చెల్లించనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీతో మొత్తం ఎనభై వేలు దాటింది. అప్పు తీరింది, రెండు బర్రెలు వచ్చాయి, నా డిగ్రీ ఆగలేదు. వేళ్లు మాత్రం రాలేదు. ఇప్పటికీ నాయన చొక్కా గుండీలు ఎడమచేత్తోనే పెట్టుకుంటాడు.

తమ్ముళ్లూ, మన హాస్టల్లో చదివేవాళ్ల తల్లిదండ్రులు ఎక్కువమంది కూలీలే. చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక పనుల్లో, మిల్లుల్లో, కట్టడాల దగ్గర, లారీల మీద పనిచేసేవాళ్లే. ఇసుక దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఊపిరితిత్తుల జబ్బు కూడా పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల పట్టికలో ఉంది. అందుకని నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, ఆసుపత్రిలో నిజం చెప్పండి. ఎక్కడ, ఏ పనిలో, ఎలా జరిగిందో రాయించి ఆ చీటీ దాచుకోండి. రెండు, మేస్త్రి కింద పనిచేసినా అసలు యజమానికి బాధ్యత ఉంటుంది. మేస్త్రి పారిపోయాడని ఊరుకోకండి. మూడు, ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే పరిహారం ఇ.ఎస్.ఐ. నుంచే వస్తుంది. పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం వరకు ఇస్తారు. నాలుగు, ఆలస్యం చేయకండి. మా నాయన కేసులో ఇంకో రెండు నెలలు దాటి ఉంటే ఈ వ్యాసమే లేదు.

చట్టం కూడా మారుతూ వచ్చింది. 2010లో దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టం అయింది, వైద్య ఖర్చులు కూడా యజమానే భరించాలన్నారు. లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితి 2020 జనవరి 3 నుంచి 15,000 అయింది. మా నాయనకు తగిలిన దెబ్బే 15,000 జీతం మీద లెక్క వేస్తే 4,97,259 రూపాయలు వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి, 2020 అమల్లోకి వచ్చింది. పనికి పోతూ వస్తూ దారిలో జరిగే ప్రమాదానికి పనితో సంబంధం ఉందని తేలితే దానికీ పరిహారం ఉంటుందని ఇందులో చేర్చారు. ఏది ఎలా మారినా, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

నేనిప్పుడు ఉపాధ్యాయుణ్ణి. ఏటా పదో తరగతి పిల్లలకు ఒక స్టాంపు కాగితం నమూనా ఇచ్చి గట్టిగా చదవమంటాను. చదివాక ఒకే ప్రశ్న వేస్తాను: "ఇందులో మీ నాయన దగ్గరనుంచి ఏం తీసుకుంటున్నారు?" అక్షరాలు నేర్చుకోవడం ఒక ఎత్తు, ఈ ప్రశ్న వేయడం నేర్చుకోవడం ఇంకో ఎత్తు. నాకు మొదటిది ఈ హాస్టల్ స్టడీ అవర్లో వచ్చింది. రెండోది ఇక్కడి కుళాయి దగ్గర, పళ్లెం కడుగుతూ ఒక అన్న దగ్గర నేర్చుకున్నాను.

ఈసారి వార్షికోత్సవానికి వస్తాను. మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా అలాంటి కాగితం ఉంటే సిగ్గుపడకుండా తీసుకురండి. కుళాయి దగ్గర కూర్చుని కలిసి చదువుదాం.