వసతిగృహమున దగ్గు

కళాశాల వసతిగృహమును చిన్న గ్రామమనవచ్చును. ఒక భేదము మాత్రము కలదు. గ్రామమున నెవరి యింట వారు నిద్రింతురు. వసతిగృహమున నలుగురొక్క గదిలో నిద్రింతురు, వందలమంది యొక్క భోజనశాలలో నేకకాలమున భుజింతురు. కావున నొకని యూపిరి పలువురకు పంచబడుచుండును. ఈ పాఠశాల విడిచి కళాశాలలో చేరిన మేము మువ్వురము కృష్ణాతీరమున నట్టి గృహమొకదానిలో మూడేండ్లు గడపితిమి. ఊపిరి మూలమున నంటు రోగములను గూర్చి యచ్చట మేము తెలిసికొన్న సంగతి నొకదానిని, ఇకముందు కళాశాలలకు పోనున్న సోదరసోదరీమణులకు విన్నవింప దలచితిమి.

2022వ సంవత్సరము జనవరిలో సంక్రాంతి సెలవులు ముగిసి మేమెల్లరము తిరిగి వచ్చునప్పటికి దేశమున కరోనా మూడవసారి విజృంభించియుండెను. వాకిట కావలివాడు జ్వరము చూచు యంత్రముతో నిలిచెను. చేతులు కడుగుకొనుటకు సబ్బునీళ్లు పెట్టిరి. మాస్కు లేనివారికి తరగతిలో ప్రవేశము లేదనిరి. ఇవన్నియు మంచి యేర్పాటులే. కాని వానితోబాటు మరియొక యాజ్ఞ వెలువడెను: జ్వరముగాని దగ్గుగాని కలవారు వెంటనే గది విడిచి స్వగ్రామమునకు పోవలయును, ఆ దినములకు హాజరు వేయబడదు. నూటికి 75 వంతులు హాజరు లేనిచో పరీక్షకు కూర్చుండుట కష్టమని యెఱుగని విద్యార్థి యెవడు?

ఫలమేమి? మరునాటినుండి వసతిగృహమున దగ్గు వినబడుట మానెను. రోగము మాత్రము మానలేదు. కొందరు పారాసిటమాల్ మాత్ర మ్రింగి, ఒడలు చల్లబడిన పిమ్మట వాకిటికి వచ్చిరి. కొందరు రాత్రివేళ దుప్పటిలో తల దూర్చి, దిండు నోటికడ్డము పెట్టుకొని దగ్గిరి. మా గదిలోని నాలుగవ మిత్రుడు మెట్టప్రాంతపు రైతుబిడ్డ. వారిది ఒంటిగది యిల్లు. అందులో ఆయాసముతో బాధపడు నాయనమ్మ కలదు. ఒకనాటి రాత్రి యతడు లేచి కూర్చుండి పలికిన మాటలను పలికినట్లే వ్రాయుచున్నాము. “ఇంటికి పోతే నాయనమ్మకు అంటుకుంటుంది. ఇక్కడుంటే మీకు అంటుకుంటుంది. చెబితే పరీక్ష పోతుంది. నన్నేం చెయ్యమంటార్రా?”

ఆ ప్రశ్నకు మాకడ బదులు లేకుండెను. తెల్లవారినంతనే వార్డెను గారి కడకు పోయి, ఎవరి పేరును చెప్పక, ఆ మూడు చిక్కులను వారి ముందుంచితిమి. వారు శాంతముగా వినిరి. రెండు దినములలో ఆజ్ఞ మారెను. మేడమీద చివరనున్న నాలుగు గదులు రోగులకు కేటాయింపబడెను. ఆ దినములకు హాజరు తగ్గింపబడదని వ్రాతమూలకముగా ప్రకటించిరి. అన్నము, చారు, వేడినీళ్లు వంతులవారీగా గుమ్మము కడ నుంచితిమి; పాఠములను వ్రాసి యందించితిమి. ప్రకటన వెలువడిన సాయంకాలమే పదునొకండుగురు తమంత తాముగా వచ్చి పేర్లు వ్రాయించుకొనిరి. మా మిత్రుడందు మొదటివాడు. అతడు కోలుకొని పరీక్ష వ్రాసెను. వేసవిలో నింటికి పోయి వచ్చునపుడు నాయనమ్మ స్వయముగా చుట్టిన సున్నుండలు మాకు తెచ్చెను.

రోగి తానై చెప్పుట యేల ముఖ్యమో వైద్యశాస్త్రము తెలుపుచున్నది. ఇన్‌ఫ్లుయెంజా జ్వరము పైకి కనబడుటకు ఒకనాడు ముందే, కరోనా ఒకటి రెండు దినములు ముందే, ఇతరుల కంటగలవు. కావున వాకిటి యంత్రమొక్కటే వానిని పట్టజాలదు. మూసిన గదిలో సాంబ్రాణి పొగ నిలిచినట్లు రోగి విడిచిన సూక్ష్మకణములు గాలిలో నిలిచియుండును; ఎదురెదురు కిటికీలు తెరచినచో పలుచబడి పోవును. దోమలకు వెఱచి కిటికీలు మూయువారు దోమతెర కట్టుకొని కిటికీలు తెరచుట మేలు.

పూర్వచరిత్రయు నీ పాఠమునే చెప్పుచున్నది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటిమందికి పైగా బలిగొనెను; వారిలో యౌవనవంతులనేకులు. క్షయరోగులకొరకు మదనపల్లె చెంత ఆరోగ్యవరమున పలు మిషనులు కలసి స్థాపించిన చికిత్సాలయము 1915లో తెరువబడెను. మందులేని యా కాలమున విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన భోజనమే చికిత్స. మందులు వచ్చిన పిమ్మట చెన్నపురిలో వైద్యులు కొందరు రోగులను చికిత్సాలయమునను, కొందరిని వారి యిండ్లయందును ఉంచి పరీక్షించిరి. ఇంటనుండి మందు తినినవారును దాదాపు అంత చక్కగనే కోలుకొనిరని 1959లోను, ఇంటివారికి అందువలన నధికముగా రోగమంటలేదని 1960లోను ప్రకటించిరి. అనగా కాపాడునది వెలివేయుట కాదు. త్వరగా తెలిసికొని మందిచ్చుట. నేటికిని రెండు వారములు మించి దగ్గు విడువనిచో కఫము పరీక్ష చేయించుకొనవలయును. క్షయకు మందులు ప్రభుత్వ వైద్యశాలలలో నుచితముగా దొరకును.

సోదరులారా, మాస్కు, కిటికీ, సబ్బు, టీకా, ఇవన్నియు నావశ్యకములే. కాని దగ్గినవాడు నష్టపోవునట్టి చోట దగ్గు దాగును. దాగిన దగ్గే పదిమందికి పాకును. మీరు రేపు విద్యార్థి నాయకులైనను, ఉపాధ్యాయులైనను, వార్డెనులైనను, నియమమేర్పరచుటకు ముందు దానివలన రోగి యేమి కోల్పోవునో యొకసారి యడుగుడు. “నాకు జ్వరముగా నున్నది” అని నిర్భయముగా చెప్పగలుగు గృహమే యందరికిని క్షేమమైన గృహము.

— పూర్వవిద్యార్థులు మువ్వురు