రెండు వేళ్ళ తీర్పు

ఇంజను నూనెను పరీక్షించటానికి లారీ మెకానిక్కుకు రెండు వేళ్ళు చాలు. డిప్‌స్టిక్కును బయటికి లాగి, దాని కొసనున్న నూనెను బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య రుద్ది చూస్తాడు. జిడ్డుగా తగిలితే మంచిది. నీళ్ళగా తోస్తే చెడ్డది. నల్లగా ఉంటే మార్చవలసినది. ఇంజను చెడితే ఖర్చు భరించవలసిన యజమాని ఆ తీర్పును కళ్ళకద్దుకుంటాడు.

ప్రయోగశాల వేళ్ళను నమ్మదు. నూనెను సన్నని గాజు గొట్టంలో పోసి, 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒకసారి, 100 డిగ్రీల వద్ద మరొకసారి, అది తన బరువుతో తాను జారటానికి ఎన్ని సెకండ్లు పడుతుందో లెక్కిస్తారు. చల్లగా ఉన్నప్పుడు చిక్కగా కనిపించిన నూనె వేడెక్కేసరికి నీరు కావచ్చు. వ్రేలికి పలచగా తోచినదే వేడికి నిలబడవచ్చు. నలుపు సంగతి మరీ విచిత్రం. మసిని ఎక్కడా పేరుకోనివ్వక తనలో మోసుకుపోవటం డీజిల్ ఇంజను నూనె విధులలో ఒకటి. నల్లబడినదంటే చాలావరకు తన పని తాను చేస్తున్నదన్నమాట. ఎన్నాళ్ళు నడిపినా తేటగా ఉండే నూనెనే కాస్త అనుమానించాలి!

అలాగని యంత్రం చూపిందల్లా వేదం కాదు. బజారు ప్రదర్శనలలో ఒక చిన్న యంత్రం కనిపిస్తుంది. తిరిగే ఉక్కు వలయానికి ఒక లోహపు దిమ్మెను అదుముతారు. పేరున్న నూనె పోస్తే వలయం కీచుమని ఆగిపోతుంది. అమ్మకందారు తన సీసాలోంచి నాలుగు చుక్కలు వేయగానే గిర్రున తిరుగుతుంది. చూసినవారు జేబులు తడుముకుంటారు. నిజానికి ఈ తరహా పరీక్ష గేరు నూనెలకూ గ్రీజులకూ ఉద్దేశించినది. క్లోరిన్ సమ్మేళనాలు కలిపితే అందులో సులువుగా నెగ్గవచ్చు. ఇంజనులోని వేడికీ తేమకూ అవే ఆమ్లమై బేరింగులను తినివేయగలవు. కంటికి కనిపించిన గెలుపు, కంటికి కనిపించని నష్టం.

అందుకే అసలైన పోలికకు అసలు ఇంజనే కావాలి. దానిని ప్రయోగశాలలో బిగించి గంటల తరబడి నడిపి, ఆపైన విప్పి, పిస్టన్లపై పేరుకున్న మడ్డినీ కామ్‌షాఫ్టు అరుగుదలనూ కొలుస్తారు. 1960లో నెలకొన్న భారతీయ పెట్రోలియం సంస్థ డెహ్రాడూనులోనూ, 1972లో ఏర్పడిన ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఫరీదాబాదులోనూ ఇటువంటి శాస్త్రానికే నిలయాలు. ఇది ఎంతో వ్యయంతో, ఓపికతో కూడిన పని. సంత మధ్యలో ప్రదర్శించగలిగినది కాదు.

మరి ఒక్క లారీయే జీవనాధారమైనవాడు ఏం చేయాలి? అతనికీ ఒక మార్గమున్నది. వడపోత కాగితంపై వాడిన నూనెను ఒక్క చుక్క వేసి ఆరనివ్వాలి. మసి అంచుదాకా సమంగా పాకితే, దానిని మోసే శక్తి నూనెలో ఇంకా మిగిలి ఉన్నట్లే. నడుమనే నల్లని గడ్డగా ఆగి, చుట్టూ వట్టి జిడ్డు మాత్రమే వ్యాపిస్తే, ఆ రోజే మార్పించటం మంచిది.