మామూకి ఏ కితాబ్ చెప్పాలి?

నంద్యాలలో ఉండే మా మామూకి, ఆళ్లగడ్డలోని ఆయన దోస్తుకి చూపు లేదు. ఇషా నమాజ్ అయ్యాక ఫోన్లో ఇద్దరిదీ కితాబుల ముచ్చటే. మొన్న నేను ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ పేరు చెప్పాను. “పేరు పసందుగా ఉంది బేటా, మరి నా ఫోన్ దాన్ని చదువుతుందా?” అన్నారు మామూ.

అసలు సవాల్ అదే. స్కాన్ చేసిన పేజీ ఫోన్‌కి బొమ్మతో సమానం. యూనికోడ్ అక్షరాలైతే సాఫ్‌గా చదివి వినిపిస్తుంది. చూపులేనివారి కోసం పుస్తకాన్ని అలా మార్చడానికి 2012 సవరణతో కాపీరైట్ చట్టమే ఇజాజత్ ఇచ్చింది. 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’లో పేరు నమోదు చేసుకుంటే అలాంటి పుస్తకాలు దొరుకుతాయి.

అందుకే భాయియో, బెహెనో! నచ్చిన కితాబ్ పేరు చెప్పేటప్పుడు అది ఏ రూపంలో దొరుకుతుందో కూడా చెప్పండి. లేదంటే దావత్‌కి పిలిచి దస్తర్‌ఖాన్ పరచనట్టే.