ఏడాదికే తిరిగొచ్చిన రాజకుమారుడు

పూర్వం ఇంగ్లండులో ఓ పద్ధతి ఉండేది. పెద్ద కొడుకుకి ఎలాగూ సింహాసనం ఉంది, మరి తక్కిన వాళ్ళ గతేమిటి? డ్యూక్ అని బిరుదిచ్చి, ఏదో ఒక సీమ చూసుకోమనేవారు. మూడో ఎడ్వర్డ్ తన కొడుకు లయొనెల్‌ని 1361లో ఐర్లండు పంపాడు, మరుసటేడు క్లారెన్స్ డ్యూక్‌ని చేశాడు. 1366లో అతగాడు తిరిగొచ్చేశాడు. క్లాసులో ఇది చెబుతుంటే నా మనసు మాత్రం గౌతమి దాటిపోయింది. ముక్తేశ్వరం రేవులో పంటెక్కి కోటిపల్లిలో దిగితే ద్రాక్షారామం ఎంతో దూరం లేదు. ఆ ప్రాంతంలోదే చెల్లూరు. అక్కడ దొరికిన రాగిశాసనంలో ఇలాంటి కుర్రవాడే ఒకడున్నాడు.

రాజరాజనరేంద్రుడు అనగానే మనకు నన్నయగారు, భారతం గుర్తొస్తాయి. ఆయన ఇంటి సంగతులు ఎవరికీ పట్టవు. తల్లి కుందవ, తంజావూరు రాజరాజచోళుడి కూతురు. భార్య అమ్మంగదేవి, మేనమామ రాజేంద్రచోళుడి కూతురు. అచ్చంగా మన వైపు మేనరికమే! వీళ్ళ కొడుకు కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. వరసగా మూడు తరాలు గోదావరి పెళ్ళికొడుకులకి కావేరి పెళ్ళికూతుళ్ళన్నమాట. ఆ కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. నేను లోకాన్ని జయించాలనుకుని వేంగిని మా పినతండ్రి విజయాదిత్యుడికి ఇచ్చాను అని శాసనంలో ఆయన చెప్పుకుంటాడు. ఆ పినతండ్రేమో అన్నగారున్నన్నాళ్ళూ గద్దె కోసం పోరాడినవాడే! రాగిరేకు మీద మాత్రం 'ఇచ్చాను' అని ఎంత హుందాగా ఉందో చూడండి.

ఆ పినతండ్రి పోయాక, 1076లో కులోత్తుంగుడు తన కొడుకు రాజరాజ ముమ్మడిచోడుణ్ణి వేంగికి పంపాడు. తండ్రిని వదిలి రావడం అతనికి ఇష్టం లేదు. అయినా పెద్దాయన మాట కాదనలేక వచ్చాడు. ఒక్క ఏడాది ఉన్నాడు. పెద్దల పాదసేవలో ఉన్న సుఖం రాజ్యంలో లేదని చెప్పి తల్లిదండ్రుల దగ్గరకి వెళ్ళిపోయాడు. అంతే, అతని కథ అయిపోయింది. వెంటనే తమ్ముడు వీరచోడుణ్ణి పంపి 1078లో పట్టం కట్టారు. 1084లో వీరచోడుణ్ణి పిలిపించి చోడగంగను పంపారు, కొన్నేళ్ళకి మళ్ళీ వీరచోడుణ్ణే పంపారు. ఆ తర్వాత విక్రమచోళుడి వంతు. 1118లో అతన్నీ దక్షిణాదికి పిలిపించుకుంటే, వేంగికి నాయకుడే లేకపోయాడని పిఠాపురం శాసనం వాపోయింది.

చెల్లూరు శాసనం వేయించింది వీరచోడుడే. సొంత అన్న సంగతి తమ్ముడి కొలువులో అంతకంటే చెడ్డగా రాస్తారా? ముమ్మడిచోడుడికి ఏలడం చేతకాలేదేమో, ఇక్కడి సామంతులు మాట వినలేదేమో అని ఎవరైనా అనుమానించవచ్చు. నేను కాదనను. కానీ దాచిపెట్టడానికైనా సరే, అమ్మానాన్నల మీద బెంగ అనే కారణం వంశానికి పరువైనదని వాళ్ళనుకున్నారు. నాకు నచ్చింది అదే.

ఎందుకంటే మా ఊళ్ళో ఆ కారణం చెల్లలేదు. మా అన్నయ్య కువైట్ వెళ్ళి పదమూడు నెలలకి వచ్చేశాడు. అమ్మానాన్నల్ని చూడకుండా ఉండలేకపోయానన్నాడు. "ఏరా అబ్బాయ్, తన్ని తరిమేశారా?" అని రచ్చబండ మీద నవ్వారు. ఏదో తగాదా పెట్టుకుని ఉంటాడని పెళ్ళిసంబంధం వాళ్ళు వెనక్కి తగ్గారు. ఇప్పుడు కొబ్బరి దింపులు చూసుకుంటాడు, కాలూచెయ్యీ పడిపోయిన నాన్నకి స్నానం చేయిస్తాడు. వీసాకి చేసిన అప్పు మాత్రం అలాగే ఉంది. అందుకని మా మావయ్యలంతా కూర్చుని, "చిన్నోణ్ణి పంపితే సరి" అని తేల్చారు. నా పాస్‌పోర్టు పోయిన నెలే వచ్చింది. డిగ్రీ పరీక్షలవ్వగానే ప్రయాణం.

మొన్న సాయంత్రం కాలవగట్టు మీద అన్నయ్యకి ఈ కథంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడకుండా విన్నాడు.

"తమ్ముడు బయలుదేరేటప్పుడు ఆయనేమన్నాడ్రా?" అన్నాడు.

శాసనంలో అది లేదని చెప్పాను.