రేపల్లె రైల్లో జపాను చిన్నది

దుగ్గిరాల స్టేషను దాటుతుంటే కిటికీలోంచి పసుపు వాసన వస్తుందని మా అక్క యెప్పుడూ అంటుంది. నాకు మాత్రం యేనాడూ వచ్చిన గుర్తు లేదు. యీసారి కూడా ముక్కు యెగబీల్చి చూశాను. పక్కనున్న పిల్ల తింటున్న చిప్సు వాసన తప్ప మరేమీ తగలలేదు.

ఆ పిల్ల మా అక్క మనవరాలే. పదిహేడేళ్ళది. హైదరాబాదులో ఇంటర్మీడియెటు చదువుతున్నది. వొళ్ళో గుడ్డల మూట. అందులో గులాబీరంగు నూలుగుడ్డ అయిదు మీటర్లు, యెరుపూ తెలుపూ గళ్ళగుడ్డ వొక మీటరు వున్నాయి. వాటితో అమ్మమ్మ చేత జపాను దుస్తు కుట్టించుకోవాలని దాని రేపల్లె ప్రయాణం. ఆ అమ్మమ్మను వొప్పించాలని నా ప్రయాణం.

సంగతేమిటంటే, హైదరాబాదులో 2013లో మొదలయిన కామిక్ కాన్ అనే బొమ్మల కథల తిరునాళ్ళ వొకటి వున్నది. దానికి పిల్లలు తమకిష్టమయిన కథల్లోని వేషాలు వేసుకుని వెళతారు. మా పిల్లకు జపానువారి బొమ్మల కథలంటే ప్రాణం. వాటిని మాంగా అంటారు. అందులో నెజుకో అనే చిన్నది దాని అభిమాన నాయిక. ఆ వేషం వేస్తానంటే వాళ్ళమ్మ "మీ అమ్మమ్మ కుట్టిపెడితే వెళ్ళు" అన్నది. అమ్మమ్మ చచ్చినా కుట్టదని దాని ధీమా!

"చిన్నమ్మమ్మా, దుగ్గిరాలలో యెవరో హీరోయిను వుండేవారటగా?" అని అడిగింది పిల్ల.

వుండేది మరి! జమున పుట్టింది హంపిలో అయినా పెరిగింది దుగ్గిరాలలోనే. 1953లో "పుట్టిల్లు"తో సినిమాల్లోకి వచ్చి, 1966లో "శ్రీకృష్ణ తులాభారం"లో సత్యభామ అయింది. ఆ సినిమా వచ్చిన కొత్తలో మా బడిలో పిల్లలంతా జడను ముందుకు వేసుకుని, మాట తోచనప్పుడల్లా దాన్ని వెనక్కి విసిరేవారు. ఆ విసురుకు పక్కబెంచీవాళ్ళ కళ్ళు పోయేవి. 2023 జనవరిలో జమున పోయిందని విన్నప్పుడు నాకు మొట్టమొదట గుర్తుకు వచ్చింది సినిమా కాదు, ఆ జడదెబ్బలే.

అంతలోనే తెనాలి వచ్చింది. రేపల్లె పాసింజరుకు యింకా గంట వ్యవధి వున్నది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని పిల్లకు తెనాలి మాట చెప్పాను. మూడు కాలువలు పారే యీ వూరిని మనవాళ్ళు ఆంధ్రా పారిస్ అన్నారు. అసలు పారిస్ యెవరు చూడొచ్చారు గనక? అయితే వేషం విషయంలో ఆ పేరు వూరికే రాలేదనిపిస్తుంది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాల్లో సత్యభామ, చిత్రాంగి, రోషనార వంటి ఆడవేషాలు కట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తులాభారం నాటకం కోసం ఆయన స్వయంగా రాసుకున్న పాటే తరవాత జమున సినిమాలోకి కూడా వచ్చింది. బాపట్ల మగవాడి సత్యభామ దుగ్గిరాల ఆడపిల్లకు దక్కిందన్నమాట.

మా నాయనమ్మ ఆయన నాటకం చూడటానికి రేపల్లె నుంచి తెనాలికి వచ్చి, తెల్లవారాక తిరుగు రైలెక్కేదట. "ఆ మహానుభావుణ్ణి చూసే నేను కుచ్చిళ్ళు సరిగ్గా పెట్టడం నేర్చుకున్నాను. మగవాణ్ణి చూసి ఆడతనం నేర్చుకున్నదాన్నే నేను!" అని చెప్పి నవ్వేది.

"అంటే నాయనమ్మగారు కూడా వేషం వేసినట్టే గదా" అన్నది పిల్ల. నేను జవాబు చెప్పబోయేంతలో రైలు వచ్చింది.

యీ రైలుదారి మీద నాకు అభిమానం. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, ఆఖరున రేపల్లె. అక్కడితో పట్టాలు అయిపోతాయి. ముప్పై పైచిలుకు కిలోమీటర్ల యీ దారి 1916లో వేశారు. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా యేర్పడింది గనక, యిప్పుడు గుంటూరు జిల్లాలో రైలెక్కి బాపట్ల జిల్లాలో దిగుతాము. రైలుకు ఆ సంగతి తెలిసినట్టు లేదు, పాత నడకే నడుస్తున్నది. బయట వరికోతలయిన పొలాల్లో మినుము పచ్చగా పరుచుకుని వున్నది.

1916 అని నేను అనగానే పిల్ల యెగిరి కూర్చుంది. "నెజుకో కథ జరిగింది కూడా అప్పుడే!" అన్నది. జపానులో 1912 నుంచి 1926 దాకా తైషో కాలమట. కథ ఆ రోజులది. కథ చెప్పమన్నాను.

నెజుకో కట్టెబొగ్గులు అమ్ముకుని బతికే ఇంటి పిల్ల. వొక రాత్రి దయ్యం వచ్చి యింటిల్లిపాదినీ చంపేసింది. బయటికి వెళ్ళిన అన్న వొక్కడు దక్కాడు. చెల్లెలు చావలేదు గాని, దయ్యమయిపోయింది. అయినా మనిషి మాంసం ముట్టదు. కరవకుండా నోటికి వెదురుగొట్టం కట్టారు. పగలు యెండ తగలకుండా అన్న ఆమెను పెట్టెలో పెట్టి వీపున మోసుకుని తిరుగుతాడు. యీ కథ జపానులో వొక వారపత్రికలో 2016 నుంచి 2020 దాకా సీరియలుగా వచ్చి, 23 సంపుటాలయింది. 2025 సెప్టెంబరులో దాని సినిమా తెలుగు మాటలతోనే మన హాళ్ళకు వచ్చింది.

వారపత్రికలో సీరియలు అనేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. పోస్టుమాను కోసం వీధి అరుగు మీద కాపలా కాసి, పత్రిక రాగానే ముందు బొమ్మ చూసి, ఆ తరవాత కథ చదివిన తరం మాది. బొమ్మలో నాయిక కట్టిన చీర అంచు యెంత వెడల్పో కొలిచి చూసేవాళ్ళం. పిల్ల తన పుస్తకం నా చేతికిచ్చింది. నేను మన అలవాటున తెరిచాను. "అటు కాదు చిన్నమ్మమ్మా, కుడి నుంచి యెడమకు" అని తిప్పి పెట్టింది. ఆఖరి పుట మొదటి పుట అయింది.

భట్టిప్రోలు వచ్చింది. యిక్కడి బౌద్ధస్తూపంలో 1892లో అలెగ్జాండరు రీ అనే ఆయన తవ్వించగా ధాతువుల భరిణెలు దొరికాయి. వాటిలో అస్థికలతోపాటు బంగారు పూలు, పూసలు కూడా వున్నాయి. రెండువేల యేళ్ళ కిందటి పూలు! యీ నేలమీద మనుషులు సింగారానికి యెంత విలువ యిచ్చేవారో చూడు, దేవుడంతటివాడికి కూడా పూలూ పూసలూ లేనిదే తోచలేదు అన్నాను. "యీ మాట అమ్మమ్మకు చెప్పండి" అన్నది పిల్ల.

రేపల్లెలో అక్క మామూలుగానే వీధి గుమ్మంలో నిలబడి వున్నది. కాళ్ళు కడుక్కుని అన్నాలు తిన్నాము. గోంగూర, గడ్డపెరుగు. ఆ తరవాత పిల్ల మూట విప్పి, ఫోనులో బొమ్మ చూపించింది.

"ఏందే యిది? నోట్లో ఆ కర్రేంది?"

"వెదురుగొట్టం, అమ్మమ్మా."

"అది పెట్టుకుని నలుగురిలో తిరుగుతావా? రేపు నిన్ను చూట్టానికి వచ్చినోళ్ళు ఆ ఫోటో చూస్తే యేమనుకుంటారు? నే కుట్టను గాక కుట్టను."

పిల్ల నావంక చూసింది. నేను గోడమీది ఫోటోవంక చూశాను. అది 1972లో మా మేనత్త కూతురి పెళ్ళిఫోటో. అందులో అక్క జడ వేసుకుని, కెమేరాకేసి చూడకుండా పక్కకు చూస్తున్నది. ఆ ఫోటో సంగతి పాఠకులకు చెప్పాలి.

1971లో స్థానంవారు పోయారు. ఆ సంవత్సరమే "దసరాబుల్లోడు", "ప్రేమనగర్" వచ్చాయి. వాణిశ్రీ వచ్చింది. ఆ యెత్తయిన కొప్పు, రంగుకు రంగు కలిసే రవికె! మా వూరి ఆడపిల్లలకు నిద్ర పట్టలేదు. కొప్పు యెత్తు రావాలని లోపల సవరం చుట్టి, అదీ చాలక పాత నైలాను సాక్సు కుక్కేవారు. పదిహేడేళ్ళ మా అక్క గంటన్నర అద్దం ముందు కూర్చుని, ముప్ఫై పిన్నులు పెట్టి, పెళ్ళికి బయలుదేరింది. నిజం చెప్పాలంటే వాణిశ్రీకన్నా మా అక్కకే బాగున్నది.

నాన్న యేమీ తిట్టలేదు. గూట్లోంచి దువ్వెన తీసి చేతికిచ్చి, "విప్పి జడేసుకురా" అన్నాడు. అంతే. నాయనమ్మ వసారాలోంచి, "నేను స్థానంవారి కుచ్చిళ్ళు పెట్టుకున్న రోజున మీ నాన్న నన్నేమీ అనలేదురా. నీ పెళ్ళాం 'మాలపిల్ల' కాంచనమాల బొమ్మను యిన్నేళ్ళూ పెట్టెలో దాచుకుంటే నువ్వేమీ అనలేదు. దాని కొప్పేం చేసింది?" అని కేకేసింది. 1938లో వచ్చింది ఆ సినిమా. కాలెండరులోంచి కత్తిరించిన ఆ బొమ్మ మా అమ్మ పెట్టెలో వున్నదని అప్పటిదాకా నాకూ తెలియదు. అమ్మ తలవంచుకుని లోపలికి పోయింది. నాన్న మాట మార్చలేదు.

అక్క వొక్కొక్క పిన్నే తీసింది. యేడవలేదు. తరవాత పెళ్ళయింది, కుట్టుమిషను కొనుక్కుంది, భర్త పోయాక ఆ మిషనుతోనే పిల్లల్ని చదివించింది. యాభై యేళ్ళుగా వూళ్ళో ఆడవాళ్ళకు యే సినిమాలో యే రవికె కావాలంటే అది కుట్టి యిచ్చింది. బుట్టచేతులు, పొడుగుచేతులు, వీపున తాళ్ళు, దేనికీ కాదనలేదు. తను మాత్రం మళ్ళీ కొప్పు పెట్టలేదు.

యిదంతా నేను పైకి అనలేదు. "అక్కా, ఆ ఫోటో యింకా తీసెయ్యలేదే?" అని మాత్రం అన్నాను. అక్క కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాత్రి మేడమీద పడుకున్నాము. పిల్లకు నిద్ర పట్టలేదని అక్కకు తెలుసు. చీకట్లో అడిగింది:

"ఆ పిల్ల అసలు మాట్లాడదంటే?"

"మాట్లాడదు అమ్మమ్మా, నోటికి గొట్టం గదా. కాని కాలెత్తి తన్నిందంటే దయ్యాలు యెగిరి పడతాయి."

కాసేపు యేమీ వినపడలేదు. ఆ తరవాత అక్క నవ్వడం మొదలుపెట్టింది. "ఓసినీ, సత్యభామేనన్నమాట" అన్నది.

తెల్లవారి నేను లేచేసరికి మిషను మీది గుడ్డ తీసేసి వున్నది. పిల్ల జపానుకుట్టు వివరాలు చదివి వినిపిస్తున్నది. వాళ్ళ కిమోనో చెయ్యడానికి సుమారు పన్నెండు మీటర్ల పొడుగు, మూరెడు కూడా లేని వెడల్పు గల వొక్క తాను తీసుకుని, అన్నీ నిలువు ముక్కలుగా కోసి కుడతారట. వంపుల కోత లేదు. ఉతకవలసివస్తే కుట్లు విప్పి, ముక్కలు శుభ్రం చేసి, మళ్ళీ కుట్టేవారట. అక్కకు యిది మహా నచ్చింది. "గుడ్డ వొక్క పీలిక వృథా కాదు గదే! చీర కట్టే మనిషికి దాన్ని అర్థం చేసుకోడం యెంతసేపు?" అన్నది. మన గుడ్డ వెడల్పు వేరు గనక లెక్క మార్చుకున్నది. నెజుకో బట్టమీద వుండే ఆరుకోణాల చుక్కముగ్గు నారమొక్క ఆకుదట. పిల్లలు ఆ మొక్కలా నిటారుగా యెదగాలని అక్కడ పసివాళ్ళ బట్టలకు వేస్తారట. పిల్ల అట్ట కత్తిరించి, తెల్లరంగు అద్దుతూ కూర్చున్నది. అక్క పక్కనుంచి "చుక్క వంకర పోయింది, చూసుకో" అంటున్నది. ముగ్గులు పెట్టే చెయ్యి గదా!

సాయంత్రం పెనుమూడి వంతెన మీదికి వెళ్ళాము. నా చిన్నప్పుడు యిక్కడ పడవ దాటేవాళ్ళం. యిప్పుడు అవతల పులిగడ్డకు బస్సులో చిటికెలో వెళ్ళవచ్చు. ఆ వైపునే, మరికొంత లోపల, కూచిపూడి వున్నది. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వూరి సత్యభామ. కృష్ణకు ఆ వొడ్డునా యీ వొడ్డునా యింతమంది సత్యభామలు పుట్టగా, మా పిల్ల వొక్కత్తి వేషం వేస్తే వింతేమిటనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం దుస్తు పూర్తయింది. పిల్ల వేసుకుని, నడుముకు గళ్ళపట్టీ చుట్టుకుని, గొట్టం కట్టుకుని అక్క ముందు నిలబడింది. అక్క అంచు సరిచేసి, వెనక్కి జరిగి చూసి, "నిలబడ్డం బాగుంది" అన్నది.

అప్పుడు పిల్ల గొట్టం తీసి, "యిప్పుడు నీ వంతు" అని అమ్మమ్మను పీట మీద కూర్చోబెట్టింది. వద్దు వద్దంటూనే అక్క కూర్చున్నది. పలచబడిన తెల్లజుట్టు. ఫోనులో చూసుకుంటూ పిల్ల సవరం చుట్టింది, పిన్నులు పెట్టింది. యెత్తయిన కొప్పు లేచింది. అక్క అద్దం చూసుకున్నది, యేమీ అనలేదు. కాసేపటికి సంచీ తీసుకుని, "దారపుండ అయిపోయింది, బజారుకు పోయొస్తా" అని ఆ కొప్పుతోనే వీధిలోకి నడిచింది.

గంట తరవాత వచ్చింది. చేతిలో దారపుండ, అరకిలో అరిటికాయలు వున్నాయి. "అబ్బ, తల నెప్పే! వాణిశ్రీ యెట్లా మోసిందో మహాతల్లి" అని గడప మీద కూర్చుని, వొక్కొక్క పిన్నే తనంతట తనే తీసి పిల్ల దోసిట్లో పోసింది.