రెండు ముందు అట్టల నోటుబుక్కు

మా తరగతిలో నోటుబుక్కుకు వెనక అట్ట ఉండదు, రెండూ ముందు అట్టలే. ఎడమ నుంచి తెరిస్తే తెలుగు, కుడి నుంచి తెరిస్తే ఉర్దూ. పరీక్షలు దగ్గరపడేసరికి నడుమ రెండు మూడు తెల్ల కాగితాలు మిగులుతాయి. వాటి కోసం రెండు భాషలూ కొట్లాడుకుంటాయి.

మా బడి ఉన్న జల్‌పల్లి రంగారెడ్డి జిల్లాలో ఉన్నా, దాని నోరు పాతబస్తీది. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. మరుసటేడు బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం చేతిలో సుద్దముక్కతో నా రూపంలో వచ్చిందనుకోండి.

ఒకరోజు ఒకడు కళ్ళు నులుముకుంటూ "టీచర్, నా కల్లు ఎర్రగుంది" అన్నాడు. ఉర్దూలో 'ళ' లేదు, వాడేం చేస్తాడు! "కల్లు తెల్లగుంటది బిడ్డా" అన్నాను. నవ్విందీ నేనొక్కదాన్నే. మర్నాడు పాఠంలో 'భారతం' వచ్చింది. 'భ'ను నిండుగా ఒత్తి పలికింది వాడు, 'బారతం' అని చదివింది నేను. మన ఒత్తులు చాలామట్టుకు రాతకే కదా. ఈసారి నవ్వడం వాళ్ళ వంతు.

వీళ్ళకు తెలుగు రాదనుకోవడం సగమే నిజం. "ఆతుం బోల్కే బోలా" అంటారు. 'వస్తా అని అన్నడు'. లక్నో ఉర్దూలో 'అన్నాడు' ముందొచ్చి, తర్వాత 'కి' తగిలి, ఆ తర్వాతే అసలు మాట వస్తుంది. వీళ్ళు మాట్లాడే దక్కనీలో అట్లా కాదు, మన 'అని' ఉన్నచోటే 'బోల్కే' ఉంటుంది. అర్థమూ అదే. వందల ఏళ్ళు పక్కపక్కన బతికిన బజారు నేర్పిన వ్యాకరణం ఇది. బాలాపూర్ గుడిసెల్లోని రోహింగ్యా పిల్లలు కూడా ఇక్కడి గల్లీల్లో ఆడుకుంటూ ముందు నేర్చేది ఈ దక్కనీయే.

మొన్న నోటుబుక్కులు దిద్దుతూ ఒకటి పొరపాటున కుడి నుంచి తెరిచాను. పేజీలో ఒకచోట ఎర్రగీత ఉంది. ఉర్దూ చదవడం రాని నేను, ఏం కొట్టేశారని ఆ బుక్కు పిల్లవాణ్ణి అడిగాను. "'నక్కో' రాసిన టీచర్. 'నహీఁ' రాయాల్నంట" అన్నాడు. ఇంటి మాట బడిలో చెల్లదన్నమాట. పాపం అనుకుంటూ బుక్కు తిప్పి, నా వైపు తెరిచాను. 'మా అబ్బా ఒస్తుండు' అని రాసి ఉంది. దాని కింద ఎర్రగీత గీసి, పైన 'వస్తున్నాడు' అని రాశాను.

మా ఊళ్ళో మా అమ్మ చచ్చేదాకా 'ఒస్తుండు' అనే అన్నది.